పొట్టపక్క గీసిన బాణం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా కూతురి మీద కొండ విరిగి పడుతుందని.

ఇది పిచ్చి భయమని మా ఇంట్లో అందరూ అంటారు. చాందినికి ఇప్పుడు ఐదేళ్ళు దాటాయి. అది పుట్టినప్పటి నుంచి ఏ గోడను చూసినా అది ఎటు పడుతుందో నాకు మొదట కనిపిస్తుంది, తర్వాతే గోడ కనిపిస్తుంది. అన్నం పెడుతూ మెతుకు ఎక్కడ అడ్డం పడుతుందోనని దాని గొంతు మీద వేలు ఆనించి కూర్చుంటాను. మా ఆయన మాబు నవ్వుతాడు. "కొండ పడల్లంటే ముందు నిన్ను అడిగి పడుతుందిలే మ్మే" అంటాడు. మా అత్త అయితే వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. అందరి ముందూ చిన్నబోయి చిన్నబోయి, చివరికి భయాన్ని నోట్లోనే అట్టిపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. జరిగిందంతా ఆ అలవాటు వల్లే జరిగింది.

మాది సన్నబండపల్లె. నాపబండలు తీసే ఊరు. ఊరి నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నటి పొడుగాటి గుట్ట. గుట్ట నెత్తిన గనులు. తూర్పు పక్క కింద మా వీధి, ముప్పైరెండు ఇళ్ళు. పడమటి పక్క కింద బడి, దాని ముందు మైదానం. మాబు గనిలో బండలు లేపుతాడు. నేను తొమ్మిదో తరగతి నడుమలో మానేశాను. అమ్మకు కాలూ చెయ్యీ పడిపోయాయి, చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. లెక్కల సారు మా ఇంటికొచ్చి అడిగితే నాయన ఆయనకు టీ ఇచ్చి పంపించాడు.

చాందిని ఏడాది పిల్లగా ఉన్నప్పుడు డాక్టర్ సుదక్షిణ మేడం మా మండలానికి వచ్చింది. రాళ్ళు భూమి లోపల ఎట్లా వంగుతాయో, ఎట్లా నలుగుతాయో చదివిన మనిషి. పాత విత్తనాల గోడౌను అద్దెకు తీసుకుని ల్యాబు పెట్టింది. నేను ఊడ్చే పనికి చేరాను. ఒకరోజు మెట్ల మీద కూర్చుని చాందినికి గోళ్ళు తీస్తున్నాను. వేలికి బ్లేడు తగులుతుందని నా భయం. ఒక్కో గోరుకూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ వదిలి, అట్లా పది గోళ్ళకు గంట పట్టింది. తలెత్తి చూస్తే మేడం తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇంత భయంగా పనిచేసే చేతులే నాకు కావాలి కాశింబీ. రేపటి నుంచి చీపురు పట్టుకోవద్దు" అంది.

నా భయాన్ని చూసి నవ్వని మనిషి నా బతుకులో ఆమె ఒక్కతే.

అప్పటి నుంచి నా పని రాయిని పలచన చేయడం. రంపంతో అగ్గిపెట్టె అంత ముక్క కోయాలి. ఒక పక్క నునుపు చేసి గాజు పలకకు జిగురుతో అంటించాలి. ఇక అరగదీయడమే. గరుకు పొడితో, సన్నపొడితో, అంతకన్నా సన్నపొడితో, రాయి వెంట్రుకలో మూడో వంతు మందం అయ్యేదాకా. ఒక్క రుద్దు ఎక్కువైతే రాయి గాజు మీద నుంచి మాయమైపోతుంది. సరిగ్గా ఆగితే రాయిలోంచి వెలుగు దాటుతుంది.

మొదటిసారి మేడం నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టినప్పుడు, మేము రోజూ తొక్కే నాపరాయి లోపల గింజలు గింజలుగా రంగులు కనిపించాయి. ప్రతి గింజలోనూ సన్నటి చారలు, పలక మీద గీసిన గీతల్లాగా.

"ఆ చారలు పుట్టుకతో రావు. నొక్కితే వస్తాయి. ఎంత నొక్కితే అన్ని చారలు, ఎటు నొక్కితే అటు వాలు. ఇన్ని కోట్ల ఏళ్ళలో తనను ఎవరు ఎటు తోశారో రాయి ఏదీ మరిచిపోదు" అంది మేడం.

"మా అత్త కూడా అంతే మేడం" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది.

చారలు చూసి రాయికి జరిగిపోయినది చెప్పడం ముందే ఉన్న విద్య. మేడం కనిపెట్టింది జరగబోయేది. ఆమె యంత్రం నేను అరగదీసిన పలక మీదికి వెలుగు పంపి, చారల నడుమ ఇంకా బయటపడకుండా బిగబట్టి ఉన్న ఒత్తిడిని చదువుతుంది. ఆ ఒత్తిడి ఎటు తప్పించుకుని పోతుందో, ఎన్ని రోజులకు పోతుందో లెక్కకడుతుంది. తెర మీద గింజలు కదిలి చూపిస్తాయి. పై పొర ఒక పక్కకు జారిపోవడం కళ్ళ ముందు జరుగుతుంది. మేమంతా దాన్ని చారల మిషను అనేవాళ్ళం.

ఒక ఘాట్ రోడ్డు దగ్గర అది మొదటిసారి చెప్పింది. పద్నాలుగు రోజుల్లో లోయ పక్కకు పడుతుందని. రోడ్డు మూసేశారు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం పడింది. ఒక్క మేక కూడా చావలేదు. టీవీలో మేడం మాట్లాడుతుంటే వెనకాల బల్ల మీద రుద్దుతున్న నా మోచేయి కనిపించింది. మాబు ఆ మోచేయిని వీధంతా చూపించి వచ్చాడు.

ఆ తర్వాత అన్ని జిల్లాల నుంచి ఫోన్లు. అంతకుముందు మేడం ప్రతి కొండా తానే ఎక్కేది. రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దిక్సూచి పెట్టి, ఆ రాయిని ఇంకా ఎవరూ ముట్టకముందే దాని పైపక్క మీద ఉత్తరానికి బాణం గీసేది. ఆ బాణం ఉంటేనే గోడౌనుకు వచ్చిన రాయి కొండ మీద ఏ తీరున ఉండిందో మాకు తెలిసేది. ఫోన్లు పెరిగాక కొండ ఎక్కడానికి ఆమెకు పొద్దు చాలలేదు. రాళ్ళే గోడౌనుకు వచ్చేవి. ఎవరు తెస్తే వాళ్ళు బాణం గీసి తెచ్చేవాళ్ళు. 'బాణం ఉత్తరానికి ఉండాలి' అని ఒక కాగితం అచ్చేసి ఊళ్ళకు పంపారు. రాయిని కదిలించకముందే గీయాలని అందులో రాయలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నారు, చదువుకున్నవాళ్ళు.

మా గుట్ట మీద చీలికలు కనిపించింది ఆ ఏడాది వానలకే. గని పనివాళ్ళనే రాళ్ళు తెమ్మన్నారు. మేస్త్రి ఎల్లప్ప, మా మాబు కలిసి మూడు బండలు లేపి ట్రాక్టరులో తెచ్చారు. మా ఊరి రాయి కదా, నా చేతికే ఇచ్చారు. మొదటి బండ మీద చెయ్యి పెట్టగానే నా వేళ్ళకు మన్ను తగిలింది.

నాపబండకు ముఖం ఉంటుంది, పొట్ట ఉంటుంది. గనిలో పైకి చూస్తూ ఉండే పక్క ముఖం. అది నున్నగా ఉంటుంది, దానికే పాలిష్ పడతారు. కింద మన్ను పొర అంటుకుని గరుగ్గా ఉండేది పొట్ట. మా వాళ్ళు బండ మీద ఏ గుర్తు పెట్టినా పొట్టపక్కే పెడతారు. ముఖం మీద రంగు మరక పడితే కొనేవాడు బండ వద్దంటాడు. అందుకని ఉత్తరపు అంచున గడ్డపారలు దూర్చి లేపి, దక్షిణానికి బోర్లా పడేసి, అప్పుడు గుర్తు పెడతారు. తాతల నాటి నుంచి చేతులకు అదే అలవాటు.

మూడు బండల మీదా ఎర్రటి బాణం పొట్టపక్కే ఉంది.

మేడం దగ్గర పీహెచ్‌డీ చేసే ప్రణవ్ అక్కడే ఉన్నాడు. హైదరాబాదు అబ్బాయి.

"సార్, ఇది పొట్ట కదా?" అన్నాను.

"ఏది?"

"బాణం గీసిన పక్క. ఇది బండకు పొట్ట సార్."

"రాయికి పొట్టేంటమ్మా? కడుపుతో ఉందా ఏంటి?" అని అతను పక్కవాళ్ళను చూశాడు. అందరూ నవ్వారు. "బాణం ఉందిగా, కొయ్యి. తొమ్మిదో తరగతి సైంటిస్టు లెక్చర్లు సాయంత్రం విందాం."

నేనూ నవ్వాను. బాణం పైకి పెట్టి కోశాను.

మిషను తూర్పు అని చెప్పింది. తొమ్మిది రోజులు. గుట్ట పైపొర తూర్పుకు జారి మా వీధి మీద పడుతుంది.

రెండో రోజుకే మా ముప్పైరెండు ఇళ్ళనూ ఖాళీ చేయించి పడమటి పక్క బడిలోకి మార్చారు. సామాన్లు మోస్తూనే మాబును అడిగాను. "బాణం ఏ పక్క గీసినారు?"

"ఎప్పుడూ గీసే పక్కే."

"బండ తిప్పినంక గీసినారా, తిప్పకముందా?"

"ఏందే నీ పోలీసు ప్రశ్నలు? తిప్పకుండా ఎవురన్నా గీస్తారా? ఆ మంచం కోడు పట్టు, జారతాంది."

బడిలో నాలుగు గదులు. మా గదిలో మా పక్కింటి ఓబులమ్మ, దాని కూతురు సుజి. సుజికీ చాందినికీ అప్పటికి నాలుగేళ్ళే. మా చాందినీ అదీ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. ఓబులమ్మకు భర్త లేడు. గనిలో రాళ్ళ చెక్కు ఏరే పని. నోరు పెద్దది, మనసూ పెద్దదే. "సర్కారు బడిలోకి ఇప్పుడన్నా వచ్చినాం మ్మే, అక్షరం ముక్క రాకపోయినా బెంచీల మీద పండుకుంటాండాం" అనేది.

ఆరో రోజు పొద్దున బడి వసారాలో రొట్టెలు కాలుస్తున్నాను. కాల్చిన రెండు జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఎందుకో పై రొట్టెను కుడి పక్కకు కొంచెం జరిపాను. రెంటినీ కలిపి పట్టుకుని, అవతలి అంచు లేపి నా వైపు బోర్లా వేశాను, గనిలో బండను వేసినట్టే. ఇప్పుడు పైన ఉన్న రొట్టె ఎడమకు జరిగి ఉంది.

మళ్ళీ చేశాను. మళ్ళీ ఎడమకే. నాలుగుసార్లు చేశాను. అయితే మిషను చెప్పిన తూర్పు, నిజానికి పడమర.

"ఏందే, రొట్టెలతో పేకాట ఆడుకుంటాండావు, ఈడ మాకు కడుపులు కాలతాంటే!" అని ఓబులమ్మ అరిచింది.

వసారాలోంచి గుట్ట కనిపిస్తూ ఉంది. అది మా నెత్తి మీదే ఉంది.

ఏడో రోజు ల్యాబుకు పోయాను. ముందర జీపులు, కెమెరాలు. లోపల మేడం చుట్టూ ఆఫీసర్లు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది, కళ్ళతోనే ఏమిటని అడిగింది. నేను నోరు తెరిచాను. అప్పుడే ప్రణవ్ చెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు కాదమ్మా, తర్వాత" అన్నాడు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: అతను నన్ను తోసేయలేదు. నేను గట్టిగా ఒక్క మాట అంటే ఆమె వినేది. కానీ అంతమంది ముందు రొట్టెల లెక్క చెప్పాలి. తప్పయితే అందరూ నవ్వుతారు. ఒప్పయితే బాణం గీసింది ఎవరని అడుగుతారు. అది మా ఆయన చెయ్యి. ఇంత చదివినవాళ్ళు దీన్ని చూడకుండా ఉంటారా, ఎక్కడో సరిచేసే ఉంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. నేను సరే అన్నాను, వచ్చేశాను.

వచ్చి చాందిని బట్టలు సంచిలో పెట్టాను. మా అక్క ప్రొద్దుటూరులో ఉంటుంది.

"యాడికి మ్మే కాశింబీ?" అంది ఓబులమ్మ.

"మా అక్క ఇంట్లో చాందినికి చెవులు కుట్టిస్తాండారు వదినా. మూడు దినాల్లో వస్తా."

సుజి చాందిని సంచి పట్టుకుని వదలలేదు. నేనూ వస్తా, నేనూ వస్తా అని ఒకటే ఏడుపు.

"దీన్ని గూడా ఎత్తుకపోరాదా? ఈ ఇరుకులో నా పానం తీస్తాంది. నీ బిడ్డకు తోడన్నా ఉంటది" అంది ఓబులమ్మ. నవ్వుతూనే అంది, కానీ నిజంగానే అడిగింది.

తీసుకుపోతే ఎందుకని అడుగుతారు. నాలుగేళ్ళుగా నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇప్పుడు కాశింబీ బిడ్డల్ని ఊరు దాటిస్తోందని మాబును పిలుస్తారు. సంగతి బయటపడుతుంది. "బస్సులో ఇద్దర్నీ పట్టుకోలేను వదినా. ఈసారికి వద్దులే" అన్నాను. సుజి వేళ్ళను ఒక్కొక్కటే సంచి మీద నుంచి తీశాను, గోళ్ళు తీసినంత మెల్లగా.

తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు గుట్ట పడమటికి జారింది.

అక్క ఇంట్లో టీవీ చూస్తుండగా మాబు ఫోను చేశాడు. నీళ్ళ ట్యాంకరు కోసం రోడ్డు మీదికి పోయి బతికాడు. "ఈ పక్కకు పడింది మ్మే. బడి మీదికి" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. పదకొండు మంది. చిన్నవాళ్ళ పేర్లలో సుజి మొదటిది. మా వీధిలో ముప్పైరెండు ఇళ్ళూ ఒక్క పెంకు కదలకుండా నిలబడి ఉన్నాయి.

నేను పోయేసరికి ఓబులమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చాందినిని ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది. "నీ బిడ్డన్నా మిగిలింది. చెవులు కుట్టించే పుణ్యాన మిగిలింది" అంది. చాందిని చెవులకు కుట్లు లేవని ఓబులమ్మ చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

విచారణకు వచ్చిన ఆఫీసరు మా అందరినీ వరుసగా అడిగాడు. "పలక కోసింది నువ్వేనా? కోసేటప్పుడు ఏమన్నా తేడా కనిపించిందా?"

"లేదు సార్."

ప్రణవ్ తల వంచుకుని ఉన్నాడు. అతనికి పొట్ట మాట గుర్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మాబుకు మాత్రం ఏమీ తెలియదు. మిషను మోసం చేసిందని గనిలో వాళ్ళతో కలిసి తిడతాడు. తిట్టుకోనీ అని ఊరుకుంటాను. చెబితే ఆ చేతులతో మళ్ళీ గడ్డపార పట్టలేడు.

మేడం అందరి ముందూ లేచి నిలబడి చెప్పింది: "తప్పు నాది. నా యంత్రం అబద్ధం చెప్పింది." అన్ని లెక్కలూ తిరగేసింది. అంతా సరిగ్గా వచ్చింది. వస్తుంది మరి, తప్పు లెక్కలో లేదు కదా. మూడు బండల్లో మిగిలిన ముక్కలు కూడా విచారణవాళ్ళు తీసుకుపోయారు. ఆమె చేతికి మళ్ళీ రాయి రాలేదు. వెళ్ళేముందు నాకు పదో తరగతి ప్రైవేటుగా కట్టుకోమని పుస్తకాలు ఇచ్చింది. "నీ చేతుల్లో ఏ లోపం లేదు కాశింబీ. నువ్వు దిగులు పెట్టుకోకు" అంది. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

మిషనుకు సీలు వేశారు. గోడౌనుకు తాళం వేశారు. లోపల చెక్కపెట్టెలో నేను అరగదీసిన పలకలు పందొమ్మిది ఉండిపోయాయి, వేరే వేరే కొండలవి, మిషను ఎక్కాల్సినవి. మరుసటి వానాకాలం అందులో ఒక కొండ బస్సు మీద పడింది. నలుగురు పోయారు. ఆ ఊరి పేరు పేపర్లో చదవగానే నాకు ఆ పలక గుర్తొచ్చింది, దానికి మూలన చిన్న గాలిబుడగ. ఆ రాయి మీద బాణం ముఖం పక్కే ఉండింది. మిషను దాన్ని చూసి ఉంటే నిజమే చెప్పేది.

మా బడి కింద పోయినవాళ్ళు పదకొండు అని అందరికీ తెలుసు. ఈ నలుగురిని ఎవరూ మా లెక్కలో కలపరు. నేను కలుపుకుంటాను. నేను నోరు మూసుకోవడం వల్ల మొదట మనుషులు పోయారు, తర్వాత ఆ మనుషుల్ని కాపాడే మిషను పోయింది.

ఓబులమ్మకు చదువు రాదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. ఎవరో ఒకరు చదివి వినిపిస్తారని తెలుసు. ఆ రోజు అది మా ఇంటి ముందుకొచ్చి నిలబడితే, చాందినిని లోపలికి పంపి నేను బయటికి వస్తాను. అంతవరకే ఆలోచించాను. ఆపైన నాకు ఊహ సాగదు.

మేడం ఇప్పుడు అనంతపురంలో ఉంది. పాతూరులో, బట్టలు కుట్టేవాళ్ళ సందులో, నీలం గేటు మేడ మీద ఒక్క గది. పోయిన నెల పోయాను. మెట్ల కింద ఇంటావిడ బియ్యం చెరుగుతూ ఉంది. "నువ్వు ఆమెకు ఏమవుతావమ్మా? క్యారియరు రోజూ గుమ్మంలో పెడతాండాం. ఒక దినం తింటాది, రెండు దినాలు అట్లే ఉంటాది. ఎవురితోనూ మాట్లాడదు. గాజుముక్కల్ని కిటికీ ఎదురుగా పట్టుకుని చూస్తా కూసుంటాది" అంది. నేను ఆరు మెట్లు ఎక్కాను. పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. దిగి వచ్చేశాను. కాగితం మీద రాయగలిగిన మాట ఆమె ముఖం చూసి అనలేకపోయాను.

ఇది చదివినవాళ్ళలో ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కసారి పోయి ఆమెను చూడండి. తలుపు తీయకపోతే తీసేదాకా కొట్టండి. మీ మిషను అబద్ధం చెప్పలేదు మేడం, బండ బోర్లా ఉండింది, కాశింబీకి తెలుసు అని చెప్పండి. నమ్మకపోతే రెండు రొట్టెలు తీసుకుని చేసి చూపించండి. కోప్పడితే పడనీయండి. తర్వాత ఆ రొట్టెలు ఆమెకు తినిపించి, తిన్నదని నిజంగా చూసుకున్నాకే రండి.